ఈకకు దోషం లేదు

ఆ ఏడు చలి ఇంకా తగ్గకముందే కోళ్లు చావడం మొదలైంది. రంజాన్ నెల వెళ్లేసరికి మా ఇంట్లో ముగ్గురం ఇద్దరమయ్యాం. ఈ రెంటికీ మధ్య జరిగింది చెబుతాను.

మాది ఏలూరులో ఒకప్పుడు తివాచీలు నేసిన వీధి. మగ్గాలు చాలావరకు పోయాయి. మా ముందుగదిలో మాత్రం మగ్గం చెక్క ఒకటి గోడవారగా మిగిలింది. దాని మీదే మా అమ్మాయి షాహీన్ ఈగలు కట్టేది. ఈగలంటే నిజం ఈగలు కావు. చలిదేశాల్లో ఏటిచేపల్ని సరదాకి పట్టేవాళ్లు గాలానికి ఎర గుచ్చరట. చిటికెన వేలి గోరంత గాలానికి దారమూ, కోడి మెడ ఈకా చుట్టించి, నీళ్ల మీద వాలిన పురుగులా కనిపించేట్టు చేసి విసురుతారట. ఆ చుట్టే పని మా వీధి ఆడవాళ్లకు మరియంబీ నేర్పింది. మరియంబీ నా భార్య. తను పోయాక ఆ పీట మీద షాహీన్ కూర్చుంది. కాలేజీ లైబ్రరీలో రిటైరైన నేను, సాయంత్రాలు కళ్లద్దాలు పెట్టుకుని, కట్టిన ఈగల్ని సైజువారీగా డబ్బాల్లో సర్దేవాణ్ణి.

ఒక్కో రకానికి కంపెనీవాళ్లు ఇంగ్లీషులో ఏదో పేరు పెట్టారు. మేము మాత్రం పందెంకోళ్ల పేర్లతోనే పిలుచుకునేవాళ్లం. ఎర్ర ఈకతో కట్టింది డేగ, తెల్లది సేతువ, నల్లది కాకి. ఎందుకంటే మాకు ఈకలొచ్చేది ఆ కోళ్ల నుంచే. పందెంకోడి మెడ ఈక సన్నగా, పొడుగ్గా, నూనె రాసినట్టు మెరుస్తుంది. ఫారం కోడికి ఆ మెరుపు రాదు. మా చిన్నవాడు అయాజ్ మండవల్లి చెరువుల నుంచి ఏలూరుకి చేపల వ్యాను నడిపేవాడు. పందేలైన వారం ఆ ఊళ్లన్నీ తిరిగి, ఓడిన కోడి కూరలోకి వెళ్లేలోపు మెడ తోలు అడిగి పట్టుకొచ్చేవాడు. షాహీన్ వాటికి ఉప్పూ పసుపూ రాసి డాబా మీద ఆరబెట్టేది.

ఆ ఏడు పందేలు అయిపోయాక ఎప్పటికో, జనవరి ఆఖరున, ఒక పొద్దున్న వాడు గోనెసంచితో వచ్చాడు.

"అక్కా, కళ్లు మూసుకో."

"నువ్వొచ్చాక మూసుకోవాల్సింది ముక్కురా. ఆ చొక్కా విప్పి మాట్లాడు."

వాడు నవ్వి సంచిని చెక్క మీద గుమ్మరించాడు. అన్నీ మెడ తోళ్లే. అన్నీ డేగలే. పొద్దుటి ఎండ కిటికీలోంచి వాటి మీద పడేసరికి గోడంతా ఎర్రగా కదిలింది. షాహీన్ ఒక తోలు తీసి, ఈకల్ని ఎదురు దువ్వి, వెలుతురుకు పెట్టి చూసింది.

"ఇవెవరివిరా?"

"గోపీచంద్ గారివి."

"ఆయన డేగల్ని ప్రాణంలా చూసుకుంటాడు కదా. కత్తికెలా ఇచ్చాడు?"

"ఇవ్వలేదు. అవే పోయాయి. సాయంత్రం మేత తిన్నాయంట, తెల్లారేసరికి పాకంతా ఖాళీ."

షాహీన్ చేతిలోని తోలును చెక్క మీద పెట్టేసింది. దేవుడి పేరు చెప్పి కోసి జబహ్ చేయని కోడి కూర మా గడప దాటి రాదు. ఒకసారి తెలియక ఎవరో తెచ్చిస్తే మరియంబీ కూర వండిన గిన్నెతో సహా బయట పెట్టేసింది. అయాజ్ నా వంక చూశాడు, అక్క వంక చూశాడు.

"తినడానికి కాదు కదా," అన్నాడు. "ఈకకు దోషం లేదు, ఈకలో ప్రాణం ఉండదు అని అమ్మే చెప్పేది."

నిజమే, చెప్పేది. తనే కాదు, మా పెద్దలందరూ చెప్పిన మాటే అది. అందులో తప్పు లేదు కూడా. అయితే ఆ మాట నమాజుకు పనికొచ్చే శుభ్రత గురించి. ఒంటికి అంటుకునే జబ్బు గురించి కాదు. ఆ తేడా ఆ పొద్దున్న మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. షాహీన్ లేచి వంటింట్లోంచి పసుపు డబ్బా తెచ్చుకుంది.

*

ఆ ఈకలతో కట్టిన ఈగలు చూసి తాడేపల్లిగూడెం నుంచి నిరంజన్ ఫోన్ చేశాడు. చెన్నై కంపెనీకి మా వీధి సరుకు పంపేది అతనే.

"ఏవండీ షాహీన్ గారూ, ఏం కోడండీ అది? వాళ్లు ఫొటో చూసి మతిపోయిందంటున్నారు. ఇదే రకం ఎన్ని కడితే అన్నీ పంపమన్నారు. మార్చి ఆఖరుకల్లా కావాలంట."

"మార్చి అంతా రంజాన్ రోజాలండీ," అంది షాహీన్. "నోరు ఎండిపోయుంటుంది. డేగ కట్టడం కుదరదు."

అటునుంచి అతనికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. మా దగ్గరున్నది పాత వైస్. గాలాన్ని గట్టిగా పట్టుకుంటుంది, అంతే, కదలదు. ఈకను గాలం చుట్టూ చుట్టాలంటే మనిషే చేతులు మార్చుకోవాలి. ఒక చేత్తో ఈక కొస పట్టుకుని అవతలికి తిప్పేటప్పుడు ఇంకో చేతిలో దారం వదలకూడదు. నూగు వెనక్కి దువ్వాలి, మూడో చెయ్యి లేదు. అందుకని మా వీధిలో అందరూ ఆ పని పెదాలతో చేసేవారు. ఈకను నోట్లో తడిపి, పెదాల మధ్య నుంచి లాగితే నూగంతా ఒక పక్కకు ఒదిగి కూర్చుంటుంది. మరియంబీ అలాగే చేసేది. షాహీన్ అలాగే చేసేది. ఈగకు రెండుసార్లో మూడుసార్లో ఈక పెదాల మీదికి వెళ్లేది.

"మరి రోటరీ వైస్ ఉంది కదండీ," అన్నాడు నిరంజన్. "గాలమే తిరుగుతుంది, మీరు ఈక పట్టుకుని ఊరికే కూర్చోవచ్చు. మూడు రకాలు తెప్పిస్తాను. మీరొచ్చి ఏది బాగుందో చెప్పండి. మీరు ఏది అంటే వీధిలో అందరికీ అదే."

ఫోన్ పెట్టేశాక షాహీన్ మొహం వెలిగిపోయింది. పెళ్లి మాట ఎత్తిన ప్రతిసారీ వైస్ బిగించుకుని కూర్చునే పిల్ల, ముప్పయి దాటాక, తన మాట మీద పదిమంది పనిముట్లు మారబోతున్నాయని విని చిన్నపిల్లలా వంటింట్లోకీ గదిలోకీ తిరిగింది. నాకు సంతోషంగానే ఉంది. కానీ ఆ రోజే పేపర్లో గూడెం వైపు ఫారాల్లో కోళ్లు గుట్టలుగా పడిపోతున్నాయని రాశారు. మా వీధి చివర చికెన్ కొట్టు అతను రేకు తలుపు సగం దించి, లోపల కూర్చుని పాటలు వింటున్నాడు.

*

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం గోపీచంద్ మా ఇంటికి వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి, చేపల చెరువులున్నాయి, అయినా కోళ్లే లోకం. మనిషి చిక్కిపోయాడు. అరుగు మీద కూర్చుని కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"ఏం లేదండీ మజీద్ గారూ. మా వాణ్ణి ఓసారి చూసి పోదామని."

షాహీన్ అప్పుడే కట్టిన డేగ ఒకటి తెచ్చి అతని అరచేతిలో పెట్టింది. అతను దాన్ని వేలితో అటూ ఇటూ కదిపాడు.

"ఇంతేనామ్మా? మూడు బరులు గెలిచినవాడు."

"నీళ్లలో కూడా గెలుస్తాడు లెండి."

అతను నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు ఆగాక చెప్పుకొచ్చాడు. ఆ కోడి నెత్తి మీది ఎర్ర జుట్టు నల్లబడిందట, మొహం వాచిందట, ముక్కుల్లోంచి నీరు కారిందట. పిలిస్తే తల ఎత్తబోయి ఎత్తలేకపోయిందట.

"కొల్లేరు పక్షులు తెచ్చాయంటున్నారు. ఆ పక్షుల్ని అడిగితే మేత లారీలు తెచ్చాయంటాయేమో. ఎవరు తెస్తే ఏంటండీ. గొయ్యి తవ్వించాను గానీ, ఆ మెడలు మట్టిలో వెయ్యబుద్ధి కాలేదు. నా చేత్తో నేను కొయ్యలేను కదండీ. మీవాడు దేవుడల్లే వచ్చాడు."

ఆ మాట విన్నాను. కానీ నా చూపు అతని మీద లేదు. ద్వారంలోంచి లోపల షాహీన్ కనిపిస్తోంది. పీట మీద కూర్చుని, గాలం బిగించి, ఈకను పెదాల మధ్య పెట్టుకుని మెల్లగా లాగుతోంది. అన్నేళ్లలో మొదటిసారి ఆ పని చూసి నాకు భయమేసింది.

అతను వెళ్లాక అన్నాను. "అమ్మా, ఆ నోట్లో పెట్టుకోవడం మానరాదూ?"

"పసుపు రాశాను నాన్నా, ఉప్పు రాశాను. వారం ఎండలో పెట్టాను. ఇంకేముంటుంది దాన్లో?" అని ఆగి, నా మొహం చూసి మెత్తబడింది. "ఆ కొత్త వైస్ వస్తే నోటితో పనే ఉండదులెండి. శనివారం వెళ్దాం."

శనివారం దాకా ఆగడం ఎందుకని అడగాలనిపించింది. అడిగాను కూడా. వైస్‌లు ఇంకా రాలేదంది.

*

గూడెం బస్సులో కిటికీ పక్కన షాహీన్, ఇవతల నేను. భీమడోలు దాటాక రోడ్డు పక్క షెడ్లు మొదలయ్యాయి. ఎప్పుడూ ఆ దారిలో కిటికీ మూసుకునేవాళ్లం, వాసనకు. ఆ రోజు వాసన వేరుగా ఉంది. సున్నం ఘాటు. షెడ్ల ముందు నేలంతా తెల్లగా పరిచారు. ఒకచోట తలనుంచి కాళ్లదాకా తెల్ల బట్టలు తొడుక్కున్న మనుషులు బస్తాలు మోస్తున్నారు. పక్కనే జేసీబీ తీసిన గొయ్యి. కండక్టరు ఊరికే చిల్లర లెక్కపెట్టుకున్నాడు. ఆ గొయ్యి మీద ఒక్క కాకి కూడా తిరగడం లేదు.

నిరంజన్ ఆఫీసు ఉల్లిపాయల గోడౌను పైన. మెట్లెక్కుతుంటే కళ్లు మండాయి. బల్లకు మూడు వైస్‌లు బిగించి ఉంచాడు.

"పెళ్లిచూపులేనండీ ఇవాళ," అన్నాడు. "మూడు సంబంధాలు. మీ ఇష్టం."

"నాన్నగారూ, విన్నారా? ఆయనకి కూడా పెళ్లి గొడవే," అంటూ షాహీన్ కుర్చీ లాక్కుంది.

మొదటిది దిట్టంగా ఉంది, ఇనప దిమ్మ మీద నిలబడింది. షాహీన్ గాలం బిగించి, గాలానికీ వైస్ దవడకూ మధ్య వేళ్లు పెట్టబోయింది. పట్టలేదు. "సొరచేపలకి కట్టేవాళ్లు వాడతారేమో," అని పక్కకు తోసింది. రెండోది నిగనిగలాడుతోంది. పిడి తిప్పితే గాలం ఉన్నచోట తిరగడం మానేసి, గానుగెద్దులా చుట్టూ తిరిగొచ్చింది.

"ఇది చూడండి నాన్నా. గాలం కాడ ఇరుసు మీద లేదు. ఈక చుడితే ఒకపక్క బిగువు, ఒకపక్క వదులు."

"అంత చిన్న తేడా చేపకి తెలుస్తుందాండీ?" అన్నాడు నిరంజన్.

"చేపకి తెలియకపోవచ్చండీ. నాకు తెలుస్తుంది."

మూడోది చూడ్డానికి ఏమంత లేదు. సన్నటి మూతి, బల్లకు బిగించే మర. షాహీన్ గాలం పెట్టి, మూతిని కాస్త కిందికి దించి, పిడి తిప్పింది. గాలం బొంగరంలా ఉన్నచోటే తిరిగింది. మళ్లీ తిప్పింది. మరను అర చుట్టు బిగించి మళ్లీ తిప్పింది. వదిలేసినచోట ఆగింది. దారం బాబిన్‌ను పక్కనున్న కొంకికి తగిలించింది. సంచిలోంచి డేగ ఈక తీసి, కుడిచేత్తో నిలకడగా పట్టుకుని, ఎడమచేత్తో పిడి తిప్పుతూ పోయింది. ఈక దానంతటదే చుట్టుకుంటోంది. అడుగు చూడాలంటే మెడ వంచనక్కర్లేదు, గాలమే బోర్లా తిరిగి చూపిస్తోంది.

ఆ ఈగ పూర్తయ్యేదాకా నేను తన చేతులు చూడలేదు. నోరే చూశాను. ఒక్కసారి కూడా ఈక అక్కడికి వెళ్లలేదు. మనసులోనే దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. మనిషి బతుకులో కొన్ని మేళ్లు ఇలాగే ఒక చిన్న మర రూపంలో వస్తాయి కాబోలు అనుకున్నాను.

"ఇదేనండీ," అంది షాహీన్. అని, ఇంకో ఈగ కట్టడానికి ఈక ఎంచుకుని, ఆలోచన లేకుండా, చిన్నప్పటి అలవాటుగా, దాని కొస పెదాల మధ్య పెట్టుకుంది.

అప్పుడే నా ఫోన్ మోగింది. అయాజ్.

"నాన్నా, గోపీచంద్ గార్ని ఆసుపత్రిలో పెట్టారు. జ్వరం, ఊపిరి ఆడట్లేదంట. ఆయన పాక దగ్గరికి ఆఫీసర్లొచ్చారు. కోళ్లను ఎవరెవరు ముట్టుకున్నారో అడుగుతున్నారంట. అక్క ఆ ఈకలు ముట్టుకుంటోందా?"

నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను. "అమ్మా," అన్నాను, "దాన్ని కింద పెట్టు."

షాహీన్ నా మొహం చూసింది. ఈకను బల్ల మీద పెట్టి, చున్నీ కొంగు తీసి మూతికి అడ్డం పెట్టుకుంది. నిరంజన్ ఒకడుగు వెనక్కి వేశాడు, వెంటనే సిగ్గుపడి మళ్లీ ముందుకొచ్చి మంచినీళ్ల సీసా అందించాడు. తిరుగు బస్సులో తను వెనక సీట్లో ఒక్కతే కూర్చుంది. "మీరు ముందు కూర్చోండి నాన్నా," అంది. దారిపొడవునా అద్దంలోంచి తనను చూస్తూ వచ్చాను.

*

ఇంటికొచ్చేసరికి అయాజ్ పెరట్లో గొయ్యి తవ్వేశాడు. తోళ్లూ, కట్టిన ఈగలూ, పసుపు డబ్బా, అన్నీ వాడే ఉత్త చేతులతో సంచిలోకెత్తి, వాడే మోసుకెళ్లి వేశాడు.

"నువ్వు ముట్టకక్కా. గదిలోకి పో."

నేను సున్నం చల్లాను. షాహీన్ ముందుగదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. మర్నాడు ఆరోగ్యశాఖ నుంచి ఒకమ్మాయి వచ్చింది, మంచి పిల్ల, అరుగు మీదే నిలబడి అడిగింది.

"ఈకలతో పని ఎవరిదండీ?"

"మా అమ్మాయిదండీ."

షాహీన్ ముక్కులోంచీ గొంతులోంచీ దూదిపుల్లలతో నమూనాలు తీసుకుని, ఫలితం వచ్చేదాకా ఎవరితోనూ కలవొద్దని, మాకు ఎవరికైనా జ్వరమొస్తే వెంటనే ఫోన్ చెయ్యమని చెప్పి వెళ్లింది. పని ఎవరిదని అడిగింది, చెప్పాం. వీధిలో మాకు ఎవరూ ఎదురు రాలేదు గానీ, ప్రతి పొద్దున్నా గుమ్మం ముందు ఎవరో పాల ప్యాకెట్ పెట్టి తలుపు కొట్టి వెళ్లిపోయేవారు. ఎవరో ఇప్పటికీ తెలియదు.

నెలపొడుపు కనిపించింది. తెల్లవారుజామున మొదటి సహరీకి నేను చేసిన ఉప్మా కిటికీలోంచి అందించాను.

"జ్వరం ఉందా అమ్మా?"

"ఉప్మాలో ఉప్పు లేదు నాన్నా. నాలుక బాగానే పనిచేస్తోంది."

ఆ ప్రశ్న రోజుకి ఎన్నిసార్లు అడిగేవాణ్ణో. తను తుమ్మితే లేచి కూర్చునేవాణ్ణి. తుమ్మకపోతే కిటికీ దగ్గరికి వెళ్లి ఊపిరి వినేవాణ్ణి. మనిషికి భయం ఒక్కచోటే నిలబడి చూడటం నేర్పుతుంది. పక్కన ఏముందో చూడనివ్వదు.

అయాజ్ వ్యాను మానలేదు. ఒక మధ్యాహ్నం జొహర్ నమాజుకు బయల్దేరుతూ సందులోకి తిరిగాను. వ్యాను వెనక వాడు కూలబడి, సీసా ఎత్తి గటగటా నీళ్లు తాగుతున్నాడు. పగటిపూట, రోజాలో. పాపం, మంచు పెట్టెలు మోసి మోసి ఎండకు తట్టుకోలేకపోయుంటాడు అనుకున్నాను. కుర్రవాడు సిగ్గుపడతాడని నాలుగడుగులు వెనక్కి వేసి, గట్టిగా దగ్గి, సీసా దాచుకునేంత వ్యవధి ఇచ్చి అప్పుడు వెళ్లాను.

"ఎండ ఎక్కువగా ఉందిరా," అన్నాను.

"అవును నాన్నా," అన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నిద్ర చాలలేదన్నాడు.

ఆ శుక్రవారం ఆరోగ్యశాఖ అమ్మాయి ఫోన్ చేసింది. షాహీన్‌కు ఏమీ లేదు. తలుపు తెరుచుకుంది. గదిలోంచి బయటికొచ్చి షాహీన్ వాకిట్లో ఎండలో కాసేపు ఊరికే నిలబడింది. నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. గోపీచంద్‌కు కూడా నయమవుతోందని ఆ పొద్దున్నే తెలిసింది. గండం దాటిందనుకున్నాను.

అయాజ్ అరుగు మీద గోడకు జేరగిలబడి ఉన్నాడు. "జైలు నుంచి వదిలారా?" అన్నాడు, గొంతు గరగరలాడుతూ.

"వదిలారు. ముందు నీ సంగతి చూడమన్నారు," అని షాహీన్ వాడి నెత్తి మీద మొట్టికాయ వేసింది.

వేసిన చెయ్యి తీయలేదు. అక్కడే ఉంచి, నుదుటి మీదికి దించింది. మెడ మీద పెట్టి చూసింది.

"నాన్నా," అంది మెల్లగా. "వీడు కాలిపోతున్నాడు."

*

ఆసుపత్రిలో డాక్టరు శ్రీలేఖ అని, చిన్నావిడ. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న అంతవరకూ మమ్మల్ని ఎవరూ అడగనిది.

"చచ్చిన కోళ్ల మెడలు ఒలిచిందెవరు?"

షాహీన్ నా వంక చూసింది. స్ట్రెచర్ మీద అయాజ్ ఒక వేలు పైకెత్తాడు, క్లాసులో పిల్లాడిలా.

"చేతికి ఏమైనా తొడుక్కున్నావా?"

లేదని తల ఊపాడు.

"ఎన్నాళ్లుగా జ్వరం?"

"ఒక… నాలుగు రోజులు."

"ఎందుకు చెప్పలేదురా?" అంది షాహీన్.

"అక్కడ నీ సంగతి తేలలేదు కదా," అన్నాడు. ఊపిరి తీసుకుని మళ్లీ అన్నాడు. "రెండోవాడికి కూడా అంటుకుందంటే నాన్న ఏమైపోతాడు?"

వాణ్ణి అద్దాల గదిలో పెట్టారు. రెండో సాయంత్రం డాక్టరు బయటికొచ్చి, ఊపిరితిత్తులు బాగా చెడ్డాయని, రాత్రికి గొట్టం వెయ్యాల్సి వస్తుందని, ఆ తర్వాత మాట్లాడటం కుదరదని, ఇప్పుడు ఒకరు లోపలికి వెళ్లి కూర్చోవచ్చని చెప్పింది.

"నేను వెళ్తాను," అంది షాహీన్. "నేను ఆ ఈకలు నోట్లో పెట్టుకుని కూడా బతికాను. నాకేం కాదు."

"నువ్వు ఇప్పుడే గదిలోంచి బయటికొచ్చావమ్మా," అన్నాను.

నేను విప్పిన చెప్పుల్ని తను పక్కకు జరిపి పెట్టింది.

నర్సు వెంకటనరసమ్మ నాకు తెల్ల బట్టలు తొడిగింది. వెనక ముడులు వేస్తూ, బిగువుగా ఉన్నాయా అని అడిగింది. తర్వాత నా టోపీ చూసింది.

"రోజా ఉన్నారా బాబాయ్ గారూ?"

"ఉన్నానమ్మా."

"లోపల మాస్కు ముట్టుకోకూడదండీ. గుక్కెడు మంచినీళ్లకైనా సరే. బయటికొస్తే ఇవాళ్టికి మళ్లీ పంపరు. టైముకి నేనొచ్చి అద్దం తడతాను, సరేనా?"

అది వాడితో నేను గడిపిన ఆఖరి సాయంత్రం. ఆ సంగతి అప్పుడు డాక్టరుకి తెలుసనుకుంటాను. నాకూ తెలిసే ఉంటుంది.

అయాజ్ మూతి మీద ఆక్సిజన్. నన్ను గుర్తుపట్టడానికి కాస్త టైము పట్టింది.

"ఎవరో… వ్యోమగామి అనుకున్నా," అన్నాడు.

"మీ నాన్ననేరా."

"అక్కకి ఏం లేదుగా?"

"ఏం లేదు."

"మరింకేం," అన్నాడు.

నేను కుర్చీ జరుపుకుని వాడి చెయ్యి పట్టుకున్నాను. గ్లవుజులోంచి కూడా వేడి తెలుస్తోంది. చేపల పెట్టెలు మోసి కాయలు కాచిన చెయ్యి. వాడు ఏదో చెప్పబోయి, ఊపిరి చాలక మానేసి, నా వేలు మాత్రం నొక్కాడు. వాళ్లమ్మ గురించి కాసేపు నేనే మాట్లాడాను. వింటున్నట్టు కనుబొమ్మలు కదిలించేవాడు. కిటికీ బయట వెలుతురు పచ్చబడి, తర్వాత బూడిదరంగుకు తిరిగింది. ఎక్కడో దూరంగా అజాన్ మొదలైంది.

అద్దం మీద చప్పుడైంది. వెంకటనరసమ్మ. ఒక చేతిలో మంచినీళ్ల సీసా, ఇంకో చేతిలో కాగితం ముక్క మీద రెండు ఖర్జూరాలు. ఆ పిల్ల వాటిని ఎక్కడి నుంచి సంపాదించిందో. రమ్మని సైగ చేసింది.

"వెళ్లండి నాన్నా," అన్నాడు అయాజ్ కళ్లు తెరవకుండానే. "రోజా విప్పండి."

"వెళ్తాలే."

వాడి వేళ్లు నా వేలిని వదల్లేదు. నేను రోజా విప్పుతున్నానని మనసులోనే నియ్యత్ చెప్పుకుని, మాస్కు లోపల నాలుకతో ఎండిన పెదాలు తడుపుకుని, అక్కడే కూర్చున్నాను. తలతిప్పి చూస్తే వెంకటనరసమ్మ ఇంకా అద్దం అవతలే నిలబడి ఉంది. నా చెయ్యి వంక, వాడి చెయ్యి వంక చూసింది. సీసానూ ఖర్జూరాలనూ అద్దం పక్క గట్టు మీద పెట్టింది.

మళ్లీ తట్టలేదు.